బాబిన్ లేని మిషను

దండెం మీదున్న టీషర్టు ఒకటి తీసి తిరగేయండి. పక్క కుట్టు వెంట ముందు భాగం, వెనక భాగం రెండూ ఒకే గీత మీద తెగి ఉంటాయి. ఆ తెగిన చోట ఒక్క పోగు కూడా బయటికి రాకుండా సన్నటి దారాల అల్లిక అంచును పైనుంచి కిందిదాకా చుట్టేసి ఉంటుంది. రెండు చేతులతో లాగితే బట్టతోపాటే సాగుతుంది, వదిలితే బట్టతోపాటే వెనక్కి వస్తుంది. ఉతగ్గా ఉతగ్గా చొక్కా రంగు వెలుస్తుంది, మెడ వదులవుతుంది, ఈ అంచు మాత్రం అలాగే ఉంటుంది. లోపలివైపు ఉండే పని కాబట్టి దీన్ని మెచ్చుకునేవాళ్ళు తక్కువ. కుట్టుపని తెలిసినవాళ్ళు మాత్రం కొత్త బట్ట చేతికి రాగానే ముందు చూసేది ఆ లోపలే.

ఈ పని చేసేది ఓవర్‌లాక్ మిషను. అమెరికా వాళ్ళు సర్జర్ అంటారు, మన బజార్లలో ఇంటర్‌లాక్ అనేవాళ్ళూ ఉన్నారు. మామూలు కుట్టు మిషను మీద కళ్ళు మూసుకుని జాకెట్టు కుట్టగలిగినవాళ్ళు కూడా దీని ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు జంకుతారు. వెనక నాలుగు దారం కోన్లు, ముందు నాలుగు టెన్షన్ చక్రాలు, మూత తీస్తే వంకర తిరిగిన ఇనుప కొక్కేలు, పక్కనే బట్టను కోసేసే కత్తి. నేర్పేవాళ్ళు సాధారణంగా ‘ఎర్ర దారం ఇటు, పచ్చ దారం అటు’ అని దారి చూపిస్తారు గానీ ఎందుకటు అన్నది చెప్పరు. ఆ ఎందుకు తెలియకే భయం. నిజానికి ఈ మిషనులో ఊరికే ఉన్న భాగం ఒక్కటీ లేదు. లోపల ఏం జరుగుతోందో ఒకసారి నిదానంగా చూసినవాళ్ళకు దీనికంటే నిక్కచ్చిగా తన తప్పు తానే చెప్పే యంత్రం ఇంట్లో మరొకటి కనిపించదు.

మామూలు మిషనులో రెండు దారాలు. సూదిది ఒకటి, కింద బాబిన్‌ది ఒకటి. రెండూ బట్ట మందంలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. గట్టి కుట్టే, గీత గీసినట్టు నేరుగా వస్తుంది. కానీ సాగదు. సాగే బట్ట మీద వేస్తే, బట్ట సాగినప్పుడు దారం పటుక్కున తెగుతుంది. రెండో చిక్కు, అది బట్ట మధ్యలో కుట్టగలదే గానీ తెగిన అంచును పట్టుకోలేదు. అందుకే పాత దర్జీలు అంచును మడిచి కుట్టేవాళ్ళు, లేదా సూదితో చుట్టూ తిప్పి తిప్పి చేత్తో కుట్టేవాళ్ళు. కొందరు పళ్ళ కత్తెరతో కత్తిరించి వదిలేసేవాళ్ళు. ఇవన్నీ నేతబట్టకు చాలుతాయి. అల్లిన బట్టకు, అంటే బనియన్ గుడ్డ లాంటిదానికి, చాలవు. అల్లికలో ఒక కన్ను జారితే దాని వెంట వరసంతా జారిపోతుంది.

అందుకే ఈ కుట్టు అల్లిక బట్టల మిల్లులోనే పుట్టింది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో మెర్రో అనే కుటుంబం 1838లో తుపాకిమందు మిల్లు పెట్టింది. అది పేలిపోయాక ఆ వ్యాపారం వదిలేసి అల్లిక బట్టల్లోకి దిగింది. తమ సొంత సరుకు అంచులను చేత్తో క్రోషా అల్లినట్టు మిషనుతో అల్లించాలని చూసి, ఆ ప్రయత్నాలను సాగదీస్తూ చివరికి జోసెఫ్ మెర్రో 1889లో ఓవర్‌లాక్ మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ యూనిఫాం చొక్కాల మీద కుట్టే బ్యాడ్జీల చుట్టూ ఉండే లావాటి దారపు అంచును పాశ్చాత్య దేశాల్లో మెర్రో అంచు అనే పిలుస్తారు. ఫ్యాక్టరీల్లోనే ఉండిపోయిన ఈ మిషను ఇళ్ళలోకి రావడానికి ఇంకో డెబ్బై ఏళ్ళకు పైగా పట్టింది. 1960లలో జపాన్‌లో బేబీ లాక్ పేరుతో బల్ల మీద పట్టే చిన్న ఓవర్‌లాక్ వచ్చాకే ఇంటి ఆడవాళ్ళ చేతికి ఇది అందింది.

ఇక అసలు పని చూద్దాం. దారం ఎక్కించకుండా, కరెంటు పెట్టకుండా, ముందు మూత తీసి, చేతి చక్రాన్ని మాన్యువల్ చూపిన దిక్కుకు మెల్లగా తిప్పండి. కొత్తవాళ్ళకు మొదటి పాఠం ఇదే కావాలి, కుట్టడం కాదు. సూది కాక రెండు కొక్కేలు కదులుతూ కనిపిస్తాయి. వాటిని లూపర్లు అంటారు. రెండింటికీ కొసన బెజ్జం ఉంటుంది, ఆ బెజ్జంలోంచి ఒక్కో దారం వస్తుంది. కింద లూపర్ ఎడమ నుంచి కుడికి, పై లూపర్ కుడి దిగువ నుంచి ఎడమ ఎగువకు ఊగుతుంటాయి. ఇవి బట్టను ఎక్కడా పొడవవు. బట్టలోకి దిగేది సూది ఒక్కటే.

సూది అడుక్కంటా దిగి, తిరిగి రెండు మూడు మిల్లీమీటర్లు లేస్తుంది. అప్పుడు దాని వెనక దారం కాస్త వదులై చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికి కింద లూపర్ ఎడమ నుంచి వచ్చి, తన దారంతో సహా ఆ ఉచ్చులో దూరుతుంది. అది కుడివైపుకు పోతుండగానే పై లూపర్ పైకి లేస్తూ, కింద లూపర్‌కూ దాని దారానికీ మధ్య ఉన్న సందులోంచి దూరి, బట్ట అంచు దాటి, పైకి వచ్చి ఎడమకు వాలుతుంది. ఈలోగా బట్ట ఒక అడుగు వెనక్కి జరిగి ఉంటుంది. సూది మళ్ళీ దిగేటప్పుడు పై లూపర్‌కూ దాని దారానికీ మధ్య ఏర్పడిన ముక్కోణపు సందులోంచే దిగుతుంది. అంటే సూది ఉచ్చులో కింద లూపర్, కింద లూపర్ ఉచ్చులో పై లూపర్, పై లూపర్ ఉచ్చులో సూది. ముగ్గురిలో ప్రతి ఒక్కరూ ఇంకొకరి చేతిలో చిక్కి ఉంటారు, విడిగా ముడి ఎక్కడా లేదు. కుట్టు సాగేది ఈ ముడి లేనితనం వల్లే. లాగినప్పుడు ఉచ్చులు ఒకదాంట్లోంచి ఒకటి కాస్త దారం ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయాలి. ఇంటి మిషను నిమిషానికి 1300 నుంచి 1500 కుట్లు వేస్తుంది. అంటే సెకనుకు ఇరవైకి పైగా. ఫ్యాక్టరీల్లో వాడే జూకీ ఎం.ఓ. 6700 రకం వేగం నిమిషానికి 7000 కుట్లు, సెకనుకు 116. ప్రతి కుట్టులోనూ మూడు ఇనుప మొనలు ఒకదాని పక్కనుంచి ఒకటి తాకీ తాకకుండా దాటిపోవాలి. సూది వీపు వెంట కింద లూపర్ మొన దాటే ఎడం వెంట్రుక మందం కంటే తక్కువ. తగిలితే సూది విరుగుతుంది, ఎడం ఎక్కువైతే ఉచ్చు దొరక్క కుట్టు దాటేస్తుంది. వంగిన సూదితో ఇంకో మీటరు లాగిద్దామనుకునేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకుంటే చాలు. సూది మార్చడం ఖర్చు కాదు.

ఈ మొత్తంలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది లూపర్లు కాదు, ఎవరూ చూడని ఒక చిన్న ఇనుప పుల్ల. పాదం కింద, ప్లేటు అంచున, వెనక్కి పోతూ సన్నబడే నాలుక లాంటి ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని స్టిచ్ ఫింగర్ అంటారు. పై లూపర్, కింద లూపర్ దారాలు చుట్టుకునేది ముందు బట్టను కాదు, ఈ పుల్లను. మల్లెలు మాల కట్టే ఆవిడ చేతిని చూసే ఉంటారు. దారాన్ని ముందు వేలికి చుట్టి ఉచ్చు చేసుకుని, ఆ ఉచ్చును వేలి మీంచి జార్చి కాడల మీద బిగిస్తుంది. వేలు లేకుండా నేరుగా కాడలకు చుడితే కాడలు నలుగుతాయి. ఇక్కడా అంతే. ఉచ్చు ఆ పుల్ల మీద తన వెడల్పు తాను తీసుకుంటుంది, బట్ట వెనక్కి జరిగేకొద్దీ పుల్ల కొస దాటి జారి, అంచు మీద కూర్చుంటుంది. ఆ పుల్లే లేకపోతే దారాలు బిగుసుకుని బట్ట అంచును లోపలికి చుట్టేస్తాయి.

అలా చుట్టుకోవడం కావాలనుకున్నప్పుడు మిషను చేసేది కూడా అదే. రోల్డ్ హెమ్ అనే సన్నటి అంచు, అదే చున్నీలకూ షిఫాన్ ఓణీలకూ ఉండే రెండు మిల్లీమీటర్ల దారపు అంచు, ఈ పుల్లను వెనక్కి లాగేసి, నాలుగు దారాల మిషనుకు ఉండే రెండు సూదుల్లో ఎడమదాన్ని తీసేసి, కింద లూపర్ టెన్షన్ పెంచితే వస్తుంది. పుల్ల తప్పుకోగానే అంచు లోపలికి ముడుచుకుంటుంది, పై లూపర్ దారం దాని చుట్టూ చుట్టేస్తుంది. ఒక పుల్ల ఉంటే ఒక కుట్టు, లేకపోతే ఇంకో కుట్టు. ఇంత చిన్న ఉపాయంతో ఇంత తేడా తెచ్చిన వాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ పుల్ల వల్లే ఇంకో వింత. మామూలు మిషను కింద బట్ట లేకుండా తొక్కితే దారాలు చిక్కుపడి ఆగిపోతుంది. ఓవర్‌లాక్ బట్ట లేకుండానే కుడుతుంది. బట్టకు బదులు పుల్ల ఉంది కాబట్టి ఉచ్చులు దాని మీదే ఏర్పడి, వెనకనుంచి దారపు గొలుసుగా బయటికి వస్తాయి. కొత్తవాళ్ళు దారం ఎక్కించాక మొదట చేయాల్సింది ఇదే. నాలుగు వేళ్ళ పొడవు గొలుసు తీయాలి. గొలుసు ఒద్దికగా వస్తే దారాలన్నీ తమ దారిలో ఉన్నట్టు. అంతవరకూ బట్ట పెట్టకూడదు. చివర్లోనూ బట్ట దాటిపోయేదాకా కుట్టి, గొలుసు మిగిల్చి తెంపాలి. ఇందులో వెనక్కి కుట్టడం అనేది లేదు కాబట్టి, ఆ గొలుసు తోకను పెద్ద బెజ్జం సూదితో కుట్టు లోపలికే దూర్చితే ఊడదు.

దారం ఎక్కించడం గురించి అందరికీ బెంగ. మామూలు నాలుగు దారాల ఇంటి మిషనులో వరస ఇది: ముందు పై లూపర్, తర్వాత కింద లూపర్, ఆ తర్వాతే సూదులు. మిషన్ను బట్టి కొద్ది తేడా ఉండొచ్చు గానీ సూదులు చివర అన్నది మాత్రం మారదు. ఎందుకో ఇప్పుడు తేలిగ్గానే తెలుస్తుంది. కింద లూపర్ సూది ఉచ్చులోంచి పోవాలి. సూదికి ముందే దారం ఉండి, ఆ తర్వాత కింద లూపర్‌కు ఎక్కిస్తే, రెండు దారాలూ తప్పు వైపున మెలిపడి, మొదటి కుట్లలోనే లూపర్ దారం తెగుతుంది. మధ్యలో కింద లూపర్ దారం తెగినా అంతే, సూదుల దారాలు బయటికి లాగేసి, లూపర్‌కు ఎక్కించి, మళ్ళీ సూదులకు ఎక్కించాలి. ‘ఎన్నిసార్లు ఎక్కించినా తెగిపోతోంది’ అని మిషన్ను తిట్టేవాళ్ళలో ఎక్కువమంది ఈ వరస తప్పినవాళ్ళే.

రెండో తప్పు టెన్షన్ చక్రాల దగ్గర జరుగుతుంది. దారం రెండు రేకుల మధ్య లోతుగా కూర్చోవాలి. పైపైన ఆనించి వదిలేస్తే ఆ చక్రం ఎంత తిప్పినా ఫలితం ఉండదు. ఎక్కించాక దారాన్ని రెండువైపులా పట్టుకుని ఒకసారి చిన్నగా లాగి కూర్చోబెట్టాలి. కింద లూపర్ బెజ్జం మాత్రం నిజంగానే ఇబ్బంది పెడుతుంది, వేలు పట్టదు. పొడవాటి పట్టకారు, మంచి వెలుతురు, కాస్త ఓపిక ఉండాలి. దారం రంగు మార్చాలనుకున్నప్పుడు పాతదాన్ని కోను దగ్గర తెంపి, కొత్త కోను దారాన్ని దానికి ముడేసి, మెల్లగా లాగించడం దర్జీలందరికీ తెలిసిన సులువు. సూది బెజ్జం దగ్గర మాత్రం ముడిని తెంపి విడిగా ఎక్కించుకోవాలి. 1990లలో గాలి ఒత్తిడితో దారం దానంతటదే లూపర్‌లోకి దూరిపోయే మిషన్లు వచ్చాయి. ఖరీదు చాలా ఎక్కువ. చూపు తగ్గినవాళ్ళకూ చేతులు వణికేవాళ్ళకూ అది వరమే, మిగతావాళ్ళు మాత్రం చేత్తో ఎక్కించడం నేర్చుకుంటేనే మంచిదని నా అభిప్రాయం. దారం ఏ దారిన పోతుందో వేళ్ళకు తెలియకపోతే, కుట్టు పాడైనప్పుడు ఎక్కడ చూడాలో కంటికి తెలియదు.

కుట్టు పాడైతే చూడటం ఎలా? దీనికి పాత గురువులు చెప్పే ఉపాయానికి ఖర్చు లేదు: నాలుగు కోన్లు నాలుగు వేర్వేరు రంగులు పెట్టండి. మిషను మీద కూడా చాలా కంపెనీలు నాలుగు దారుల పక్కన నాలుగు రంగుల చుక్కలు పెడతాయి, కోన్ల రంగులు వాటికి కలిస్తే ఇంకా సులువు. తెల్లటి పాత కాటన్ గుడ్డ మీద ఒక మూర కుట్టి, కిటికీ దగ్గర నిలబడి చూడండి.

సరిగ్గా ఉన్న కుట్టులో పై లూపర్ దారం పైవైపే ఉంటుంది, కింద లూపర్ దారం కిందివైపే ఉంటుంది, రెండూ సరిగ్గా తెగిన అంచు మీద కలుస్తాయి. పై దారం అంచు దాటి కిందివైపు కనిపిస్తోందంటే పై లూపర్ వదులుగా ఉంది, లేదా కింద లూపర్ ఎక్కువ బిగిసి దాన్ని లాగేస్తోంది. కింద దారం పైకి వస్తే దీనికి తలకిందులు. రెండు బట్టలను విడదీసి లాగినప్పుడు మధ్యలో సూది దారం మెట్లు మెట్లుగా కనిపిస్తే సూది టెన్షన్ వదులు. అంచు దారాలు గుడ్డ దాటి గాలిలో వేలాడుతుంటే లూపర్లు వదులు, అంచు ముడుచుకుని గుండ్రంగా తిరిగితే బిగువు. ఒకసారికి ఒక్క చక్రమే తిప్పాలి, అదీ కొంచెమే, ఆపైన మళ్ళీ కుట్టి చూడాలి. మూడు చక్రాలు ఒకేసారి తిప్పినవాళ్ళకు తాము ఎక్కడున్నారో తెలియదు. నాలుగు రంగులతో ఇలా ఒక సాయంత్రం కూర్చుంటే మాన్యువల్‌లో ఉన్న బొమ్మలన్నీ కంటికి కట్టేస్తాయి. చూడగానే ఫలానా దారం తప్పు అని చెప్పగలిగే ఇలాంటి మిషను మీద విసుక్కోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. మామూలు మిషనులో పైదీ కిందిదీ ఒకే రంగు పెట్టుకుని తప్పెక్కడో తెలియక తల పట్టుకునే రోజుల కంటే ఇది ఎంతో నయం.

కుట్టు విప్పడంలోనూ ఇదే తర్కం. చూడ్డానికి అల్లిబిల్లిగా ఉంది కాబట్టి విప్పలేమనుకుంటారు. బట్టలోంచి పోయేది సూది దారమే, మిగతా రెండూ దాన్ని ఆధారం చేసుకుని ఉన్నవే. సూది దారాన్ని అక్కడక్కడా తెంపి లాగేస్తే లూపర్ దారాలు వాటంతటవే గుట్టగా రాలిపోతాయి.

కత్తి సంగతి వేరు. అది కోసింది తిరిగి రాదు. ప్లేటుకు బిగించిన కింది కత్తి కదలదు, పై కత్తి సూదితోపాటు ఎగిరి దిగుతూ కత్తెరలా కోస్తుంది. సూది కంటే కాస్త ముందుంటుంది కాబట్టి, ముందు కోత, వెంటనే కుట్టు. అందుకే కుట్టేటప్పుడు చూపు సూది మీద కాదు, కత్తి మీద పెట్టాలి. సూదిని చూస్తూ కూర్చునేసరికి కత్తి అప్పటికే కోసేసి ఉంటుంది. గుండు సూదులు కత్తి దారిలో పెట్టకూడదు, తగిలితే కత్తి పన్ను పోతుంది, ముక్క కంటికి తగలొచ్చు కూడా. ప్లాస్టిక్ క్లిప్పులు వాడి, పాదం దగ్గరికి రాగానే తీసేయడం మేలు. మొదట్లో కత్తిని పక్కకు తిప్పి ఉంచి కుట్టడం నేర్చుకుంటారు కొందరు. నేనైతే కత్తి ఉంచే నేర్చుకోమంటాను, అంచు వారగా ఒక పిసరు మాత్రమే కోసేలా బట్టను పట్టుకోవడమే ఇందులో అసలు చేతిపని. బయటి మూల వచ్చినప్పుడు బట్ట దాటిపోయి, తిప్పి, రెండో వైపు కొత్తగా మొదలుపెట్టడం తేలిక. లోపలి మూలను మాత్రం రెండు చేతులతో చదును చేసి నేరుగా ఉన్న అంచులా లాగి పట్టుకుని పోనివ్వాలి.

బట్టను వెనక్కి లాగే పళ్ళు కూడా ఇందులో రెండు జతలు. ముందు జత, వెనక జత. వాటి వేగాలను విడివిడిగా మార్చుకోవచ్చు. దాన్నే డిఫరెన్షియల్ ఫీడ్ అంటారు. 1 మీద ఉంటే రెండూ సమానం. 2 అంటే ముందు పళ్ళు రెట్టింపు బట్టను తోస్తాయి. సాగే బట్ట పాదం కింద సాగి, అంచు అలలు అలలుగా తేలడం కొత్తవాళ్ళు చూసే మొదటి విసుగు. అక్కడ 1.3 నుంచి 1.5 దాకా పెంచితే అంచు చదునుగా పడుతుంది. పల్చటి షిఫాన్ ముడతలు పడుతుంటే 1 కంటే తగ్గించాలి. ఇంకా తగ్గించి 0.7 మీద పెట్టి, సాగే గుడ్డకు రోల్డ్ హెమ్ వేస్తే, అవే అలలు కోరి తెచ్చుకున్నట్టు పాప ఫ్రాకు అంచుకు కుచ్చులా వస్తాయి. తప్పు అనుకున్నదాన్నే అలంకారం చేసుకునే వీలు ఇందులో ఉంది.

అన్నిటికీ ఇదే మందు అనుకోకూడదు. మన దగ్గర జాకెట్టు కుట్టేటప్పుడు లోపల బట్ట వదులుతారు. రెండేళ్ళకో నాలుగేళ్ళకో ఒళ్ళు వస్తే విప్పి వదులు చేసుకోవడానికి. పక్క కుట్టును నాలుగు దారాల ఓవర్‌లాక్‌తో నేరుగా వేస్తే ఆ వదిలిన బట్టంతా కత్తి కింద పోతుంది, ఇక వదులు చేయడానికి మిగిలేది ఉండదు. జాకెట్టుకు మామూలు మిషను కుట్టే సరి, వదిలిన బట్ట కొసన మూడు దారాల ఓవర్‌లాక్ చాలు. కొనే రెడీమేడ్ బ్లౌజుల్లో చాలావాటికి లోపల బట్ట ఉండకపోవడానికి ఒక కారణం ఇదే. పల్చటి వాయిల్ బట్టకు లోపలికి మడిచి రెండుసార్లు కుట్టే ఫ్రెంచ్ కుట్టు ఎక్కువ అందం. పట్టు జాకెట్టు ముక్క పోగులు ఊడేది కాబట్టి దానికి ఓవర్‌లాక్ ఉంటేనే నిలుస్తుంది, కాకపోతే జరీ ఉన్న వైపు కత్తి పెట్టకండి, తొందరగా మొద్దుబారుతుంది.

ఫాల్, పీకో అని బోర్డు పెట్టిన దుకాణంలో చీర అంచు వేసేది ఓవర్‌లాక్ కాదు. అది జిగ్‌జాగ్ మిషను. దానికి బాబిన్ ఉంటుంది, కత్తి ఉండదు. అలాగే టీషర్టు కింది మడతకు పైన రెండు గీతలు, లోపల దారాల అల్లిక ఉంటుంది. అదీ ఓవర్‌లాక్ పని కాదు. దానికి వేరే మిషను, తిరుప్పూరు వాళ్ళు ఫ్లాట్‌లాక్ అంటారు. కుట్ల రకాలకు అంతర్జాతీయ ప్రమాణంలో అంకెలు ఉన్నాయి. మామూలు మిషను కుట్టు 301, మూడు దారాల ఓవర్‌లాక్ 504, నాలుగు దారాలది 514. ప్యాంటు లోపలివైపు ఓవర్‌లాక్ పక్కనే విడిగా ఇంకో గొలుసు గీత కనిపిస్తే అది అయిదు దారాల 516. ఫ్యాక్టరీల్లో పనికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ అంకెలు తెలుసుకుంటే మంచిది. అచ్యుతాపురం బ్రాండిక్స్ ప్రాంగణం లాంటి చోట్ల వేలమంది ఆడవాళ్ళు పనిచేసేది ఇలాంటి మిషన్ల మీదే.

దారం ఖర్చు గురించి దర్జీలు గొణగడంలో న్యాయం ఉంది. మీటరు పొడవు మామూలు కుట్టుకు సుమారు రెండున్నర మీటర్ల దారం చాలు. మూడు దారాల ఓవర్‌లాక్‌కు సుమారు 14 మీటర్లు కావాలి. అందులో అయిదింట నాలుగు వంతులు లూపర్లే మింగుతాయి. చిన్న రీళ్ళతో ఈ మిషను నడపడం గిట్టుబాటు కాదు, కోన్లే మేలు. నాసిరకం దారం మీద నూగు ఎక్కువ, అది కత్తి కోసిన గుడ్డ పొడితో కలిసి లూపర్ల కింద పేరుకుంటుంది. పని అయ్యాక మూత తీసి కుంచెతో ఊడ్చి, మాన్యువల్ చెప్పిన చోట నూనె చుక్క వేయడం తప్పనిసరి.

కొనే ఆలోచన ఉంటే దుకాణానికి వెళ్ళేటప్పుడు ఇంట్లోంచి మూడు ముక్కలు తీసుకెళ్ళండి: ఒక పాత బనియన్ ముక్క, ఒక పల్చటి షిఫాన్ ముక్క, నాలుగు మడతలు పెట్టిన జీన్స్ ముక్క. నాలుగు రంగుల దారాలు ఎక్కించమనండి, ఎక్కిస్తుండగా పక్కన నిలబడి చూడండి, ఆపైన మూడు ముక్కల మీదా మీరే కుట్టండి. అంచు మీద రెండు లూపర్ల దారాలూ మూడు చోట్లా సమంగా కలిస్తేనే డబ్బు కట్టండి.